పాత కారు తలుపుకు కొత్త డోర్ ప్యాడ్: ఇంట్లోనే చేసుకునేవారికి చిట్కాలు

పాత కారు తలుపు తెరిస్తే ముందు కంటికి ఆనేది డోర్ ప్యాడ్. కింది అంచు ఉబ్బి, రెక్సిన్ లేచిపోయి, మోచేయి ఆనే చోట నల్లబడి ఉంటుంది. రెక్సిన్ పాతబడిందనుకుని దానిమీదే కొత్తది అంటించేవాళ్ళు చాలామంది. వానాకాలం దాటేసరికి అదీ లేచిపోతుంది. లోపమంతా వెనకున్న అట్టలో, ఆ అట్టకు తగిలే నీళ్ళలో ఉంది. అందుకే ఈ చిట్కాల్లో సగం కంటికి కనపడని పనుల గురించే. బల్లపరుపు అట్ట మీద రెక్సిన్ తొడిగిన తలుపులున్న మారుతీ 800, అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని లాంటి కార్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. 800 తయారీ 2014 జనవరిలో, అంబాసిడర్ తయారీ అదే ఏడాది మేలో ఆగిపోయాయి. వాటికి కంపెనీ ప్యాడ్లు దొరకటం కష్టమవుతోంది. కాబట్టి ఎంత పాడైనా సరే, పాత అట్టను పారేయకండి. కొత్తదానికి కొలత అదే.

1. మీ కారు తలుపు ఎలాంటిదో ముందు తేల్చుకోండి. అట్ట మీద రెక్సిన్ తొడిగినదైతే మొత్తం కొత్తగా చేసుకోవచ్చు. ఈమధ్య కార్లలో తలుపు లోపలి భాగమంతా అచ్చుపోసిన ప్లాస్టిక్. అందులో గుడ్డ ఉన్న ముక్క ఒక్కటే మార్చుకోగలం, దాని సంగతి 24వ చిట్కాలో చెబుతాను. ప్యాడ్ మీద ఎస్‌ఆర్‌ఎస్ అనో ఎయిర్‌బ్యాగ్ అనో అక్షరాలు కనిపిస్తే ఆ తలుపు జోలికి పోవద్దు. ఇంకో సంగతి కూడా ఉంది. పక్క నుంచి ఏదైనా గుద్దుకున్నప్పుడు తలుపు లోపలి గాలి ఒత్తిడిలో వచ్చే మార్పును పసిగట్టే సెన్సర్ కొన్ని కార్లలో ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవటం దాని మీద ఆధారపడుతుంది. అలాంటి తలుపులో ప్లాస్టిక్ షీటుకు చిల్లు పడినా ఆ సెన్సర్ లెక్క తప్పవచ్చు. ముచ్చట కోసం ఆ ప్రమాదం కొనితెచ్చుకోకండి.

2. వెనక ఎడమ తలుపుతో మొదలుపెట్టండి. మొదటిసారి చేసిన పనిలో ఎక్కడో ఒకచోట అంచు వంకర పోతుంది, అక్కడైతే ఎవరి చూపూ పెద్దగా పడదు. డ్రైవరు పక్క తలుపు చివరికి ఉంచండి. రోజూ మోచేయి ఆనేది దానికే, పట్టుకుని లాగేది దాన్నే. చేయి తిరిగాక చేస్తే గట్టిగా వస్తుంది. నాలుగు తలుపులూ ఒకేసారి మాత్రం విప్పకండి. ఏ స్క్రూ ఎక్కడిదో సందేహం వస్తే, విప్పని తలుపును చూసి తెలుసుకోవచ్చు.

3. విప్పే ముందు అద్దాన్ని పూర్తిగా పైకి ఎత్తండి. అద్దం తిప్పే హ్యాండిల్ ఏ దిక్కుకు ఉందో ఫొటో తీసుకోండి. మళ్ళీ బిగించేటప్పుడు అదే దిక్కుకు పెట్టకపోతే తిప్పిన ప్రతిసారీ మోకాలికి తగులుతుంది. పవర్ విండో ఉన్న కారైతే బ్యాటరీ నెగటివ్ తీగ తీసేసి పని మొదలుపెట్టండి.

4. అద్దం హ్యాండిల్‌ను బలవంతంగా లాగకండి. హ్యాండిల్ వెనక, ప్లాస్టిక్ బిళ్ళకూ దానికీ మధ్య వంకర స్ప్రింగు క్లిప్పు ఒకటి దాగి ఉంటుంది. దాన్ని తీయటానికి ప్రత్యేకమైన పనిముట్టు ఏదీ అక్కర్లేదు. పాత నూలు గుడ్డను సన్నగా చింపి, హ్యాండిల్ వెనక ఆ సందులోకి దూర్చి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగుతూ ఉండండి. గుడ్డ క్లిప్పు కొసను పట్టుకుని బయటికి లాగేస్తుంది. అది ఎగిరి ఎక్కడో పడుతుంది కాబట్టి కింద దుప్పటి పరచి ఉంచండి. కొన్ని పాత కార్లలో క్లిప్పుకు బదులు అడ్డంగా చిన్న పిన్ను ఉంటుంది. అప్పుడు వెనక బిళ్ళను లోపలికి నొక్కిపట్టి పిన్నును సన్నని మేకుతో తట్టి బయటికి తీయాలి.

5. చేయి ఆన్చే ఆర్మ్‌రెస్ట్ స్క్రూలు, లోపలి లాక్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం స్క్రూ తీశాక, ప్యాడ్‌ను పట్టి ఉంచేవి అంచుల వెంబడి ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులే. వెడల్పాటి పుట్టీ బ్లేడుకు గుడ్డ చుట్టి, సరిగ్గా క్లిప్పు పక్కనే దూర్చి పైకి లేపండి. క్లిప్పుకు దూరంగా లేపితే అట్ట చిరుగుతుంది. పాత క్లిప్పులు ఎండిపోయి పెళుసుబారి ఉంటాయి, కొన్ని విరుగుతాయి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ ఊళ్ళో స్పేర్ పార్టుల షాపులోనో మీ మోడల్ పేరు చెప్పి, ఒక పాత క్లిప్పు చూపించి, అవసరానికి మించి నాలుగైదు ఎక్కువే తెచ్చుకోండి.

6. ప్యాడ్ ఊడగానే వెనక కనిపించే ప్లాస్టిక్ షీటును అడ్డమని చింపేయకండి. ఈ పని మొత్తానికీ ప్రాణం అదే. కారు తలుపు లోపల నీళ్ళు పడటం మామూలు విషయం. అద్దం మీద పడిన వాన రబ్బరు పట్టీ సందుల్లోంచి తలుపు లోపలికే దిగుతుంది. దిగి, అడుగున ఉన్న సన్నని రంధ్రాల్లోంచి రోడ్డు మీదికి కారిపోయేలా ఆ తలుపును తయారు చేస్తారు. ఆ నీళ్ళు అట్ట వైపు రాకుండా ఆపేది ఈ షీటు. స్పీకరు పెట్టినప్పుడో, అద్దం మెషిన్ బాగుచేసినప్పుడో మెకానిక్కులు దాన్ని కోసి అలాగే వదిలేస్తారు. ఉబ్బిన డోర్ ప్యాడ్లలో ఎక్కువ భాగం ఆ కోతల వల్లే ఉబ్బుతాయి.

కొత్త షీటు వేయాల్సి వస్తే 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉన్న పాలిథీన్ తీసుకోండి. దాన్ని పాతదాని కొలతకు కోసి, చుట్టూ బ్యూటైల్ టేపుతో అంటించండి. కింది అంచు దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. షీటు అడుగు అంచు తలుపు రేకులో ఉన్న సందులోంచి లోపలికి దిగాలి. అప్పుడే షీటు మీదుగా జారిన చుక్క తిరిగి తలుపు కడుపులోకే పడుతుంది. అంచు బయటికి వేలాడితే నీళ్ళు నేరుగా అట్ట మొదట్లోకి చేరతాయి. హ్యాండిల్ కోసం, లాక్ కడ్డీ కోసం షీటుకు పెట్టే రంధ్రాలు ఎంత చిన్నవైతే అంత మంచిది. పులుపు వాసన వచ్చే సిలికాన్ మాత్రం వాడకండి. అందులోంచి వచ్చే ఆమ్లం రేకుకు తుప్పు పట్టిస్తుంది.

7. షీటు వేసే ముందు తలుపు అడుగున ఉన్న రంధ్రాలను సన్నని తీగతో పొడిచి శుభ్రం చేయండి. మట్టి, ఎండుటాకుల పొడి వాటిని మూసేస్తాయి. లోపలి రేకు మీద తుప్పు కనిపిస్తే గీకి, రెడాక్సైడ్ పూయండి. తరవాత తలుపు మూసి, అద్దం బయటి వైపు ఒక చెంబెడు నీళ్ళు పోయండి. తలుపు అడుగు నుంచి ధారగా కారితే అంతా బాగున్నట్టు. కారకపోతే నీళ్ళు ఇంకా లోపలే ఉన్నాయని అర్థం.

8. ఇప్పుడు అట్ట. కంపెనీ వేసిన హార్డ్‌బోర్డు దాదాపు 3 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. కొత్తగా చేసేటప్పుడు నేను 3 లేదా 4 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్‌నే ఎంచుకుంటాను. దాని మీద ఐఎస్ 710 ముద్ర చూసి కొనండి. ఐఎస్ 303 కింద వచ్చే మామూలు ఎంఆర్ రకం గాలిలో చెమ్మను తట్టుకుంటుంది కానీ నీళ్ళను తట్టుకోదు. 4 మిల్లీమీటర్ల ముక్క వాడితే కంపెనీ క్లిప్పులు చాలకపోవచ్చు, అవి పట్టుకునే చోట మాత్రం వెనక వైపు ఉలితో కాస్త పలచన చేయాలి. హార్డ్‌బోర్డే కావాలనుకుంటే నూనె పట్టించి గట్టిపరిచిన టెంపర్డ్ రకం అడగండి.

సైన్‌బోర్డుల వాళ్ళ దగ్గర దొరికే పీవీసీ ఫోమ్ బోర్డు నీళ్ళకు చెడదు, కోయటం కూడా తేలిక. అందుకే చాలామంది దానికి ఆశపడతారు. నేను మాత్రం వద్దంటాను. రెంటచింతల, రామగుండం ఎండల్లో అద్దాలు మూసి నిలబెట్టిన కారు లోపలి వేడికి ఆ బోర్డు మెత్తబడుతుంది, క్లిప్పుకూ క్లిప్పుకూ మధ్య వంపు తిరుగుతుంది. ఒకసారి వంగితే మళ్ళీ తిన్నగా రాదు.

9. పాత అట్ట ఉబ్బి వంకరపోయి ఉంటే, రెక్సిన్ ఊడదీసి, ఎండబెట్టి, ఒక రాత్రి బరువు కింద పెట్టి సాపు చేయండి. ఆ తరవాత ప్లైవుడ్ మీద పరచి గీత గీయండి. చిరిగిన మూలలను ఊహించి గీయటం కంటే, ఎదుటి పక్క తలుపు అట్టను తిరగేసి అక్కడ పెట్టి గీస్తే కొలత నిక్కచ్చిగా వస్తుంది. కుడి, ఎడమ తలుపులు ఒకదానికొకటి తిరగేసిన ఆకారాలే.

10. క్లిప్పుల రంధ్రాల విషయంలో ఒక మిల్లీమీటరు తేడాను కూడా ఉపేక్షించకండి. అంచు కాస్త అటూఇటూ అయినా రెక్సిన్ దాన్ని కప్పేస్తుంది. రంధ్రం తప్పితే ఆ క్లిప్పు జీవితాంతం కూర్చోదు. పాత అట్టను, ప్లైవుడ్‌ను క్లాంపులతో కలిపి బిగించి, పాత రంధ్రంలోంచే డ్రిల్ చేయండి. అంచులు కోయటానికి జిగ్‌సాకు సన్నని పళ్ళ బ్లేడు వేసి, గీత మీద మాస్కింగ్ టేపు అంటించి కోస్తే పైపొర పెచ్చులు లేవదు.

11. అట్టకు రంగు వేయకుండా రెక్సిన్ తొడగకండి. మెరైన్ ప్లైవుడ్ అయినా సరే. ఆయిల్ ప్రైమరు ఒక పూత, ఆపైన ఎనామిలో పాలీయురిథేన్ వార్నిషో రెండు పూతలు. వెనక వైపు, కోసిన అంచులు, డ్రిల్ చేసిన రంధ్రాల లోపలి గోడలు ముఖ్యం. నీళ్ళు అట్టలోకి దూరేది ఎక్కువగా అంచుల్లోంచే. కింది అంచుకు మూడో పూత వేసినా ఎక్కువేం కాదు. రెక్సిన్ అంటుకునే ముందు వైపు మాత్రం ఒక్క ప్రైమరు చాలు, ఆరాక శాండ్ పేపరుతో గరుకు చేయండి. నున్నటి ఎనామిల్ మీద జిగురు పట్టదు.

12. ఉత్త అట్టను తలుపుకు అన్ని క్లిప్పులతో, స్క్రూలతో ఒకసారి బిగించి చూడండి. తలుపు మూయండి, తెరవండి. అద్దం దించండి. ఎక్కడ రాసుకుంటుందో, ఏ రంధ్రం తప్పిందో ఇప్పుడే తెలుస్తుంది. రెక్సిన్ వేశాక తెలిస్తే అంతా మళ్ళీ మొదటికి వస్తుంది.

13. ఫోమ్ ఎంత మెత్తగా ఉంటే అంత బాగుంటుందని అనుకోవద్దు. సోఫాల్లో వాడే మామూలు స్పాంజి నీళ్ళను పీల్చుకుని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది, వేడికి కొన్నేళ్ళలో పొడిపొడిగా రాలిపోతుంది. తలుపులకు 4 నుంచి 6 మిల్లీమీటర్ల క్లోజ్డ్ సెల్ ఫోమ్, అంటే నీరు పీల్చని ఈవీఏ లేదా క్రాస్‌లింక్డ్ పాలిథీన్ రకం తీసుకోండి.

మందం విషయంలో ఆశ పడితే ఇంకో చిక్కు వస్తుంది. అద్దం హ్యాండిల్ కూర్చునే ఇరుసు పొడవు కంపెనీ అట్ట మందానికి తగ్గట్టే ఉంటుంది. దానిమీద మీరు 10 మిల్లీమీటర్ల ఫోమ్ వేస్తే హ్యాండిల్ పూర్తిగా లోపలికి దిగదు. పళ్ళు సగమే పట్టుకుంటాయి. కొన్నాళ్ళకు హ్యాండిల్ లోపలి పళ్ళు అరిగి, తిప్పినా అద్దం కదలదు. అందుకని ఇరుసు చుట్టూ హ్యాండిల్ బిళ్ళంత గుండ్రంగా ఫోమ్ కోసి తీసేయండి. లోపలి లాక్ చట్రం దగ్గర, ఆర్మ్‌రెస్ట్ స్క్రూల దగ్గర కూడా అంతే. అద్దానికి ఆనుకునే పై అంచులో రెండు సెంటీమీటర్ల మేర ఫోమ్ లేకుండా చూసుకోండి. లేకపోతే అక్కడ మందం పెరిగి అద్దాన్ని ఒరుసుకుంటుంది.

14. పైన వేసే గుడ్డ. మన వాతావరణానికి వెనక అల్లిక గుడ్డ ఉన్న పీవీసీ రెక్సినే నా ఎంపిక. దాదాపు ఒక మిల్లీమీటరు మందం ఉన్నదైతే వంపుల్లో సాగుతుంది, గట్టిగానూ ఉంటుంది. పీయూ లెదర్ చేతికి మెత్తగా, చూడటానికి అసలు తోలులా ఉంటుంది. కానీ అందులో నాసిరకాలు ఉక్కపోత చెమ్మకు లోపల్నుంచే కరిగి, వాటి పైపొర పొలుసులుగా రాలుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉండేవాళ్ళు దాన్ని తీసుకునే ముందు బాగా ఆలోచించాలి. వెల్వెట్ లాంటి గుడ్డలు దుమ్మును పట్టేస్తాయి. పైభాగంలో ఒక పట్టీగా వేసుకుంటే అందంగానే ఉంటాయి.

కారు లోపలి గుడ్డల మీదా ఫోముల మీదా మంట ఎంత వేగంగా పాకవచ్చో చెప్పే ఐఎస్ 15061 అనే ప్రమాణం మన దగ్గర ఉంది. కాబట్టి ఇంటి సోఫా గుడ్డ కాకుండా కార్ల సీట్లకని అమ్మే రకమే అడిగి తీసుకోండి.

15. రంగు ఎంచుకునేటప్పుడు తలుపును అడ్డంగా మూడు భాగాలుగా చూడండి. పైభాగం మీద ఎండ పడుతుంది, మధ్య భాగానికి చేయి తగులుతుంది, కింది భాగానికి చెప్పులు తగులుతాయి. పైన నలుపు వేస్తే మే నెలలో మోచేయి పెట్టలేరు. కింద తెలుపు వేస్తే ఒక్క వానకే చెప్పుల మట్టి మరకలు. పైన లేత రంగు, మధ్యలో మీకు నచ్చిన రంగు, కింద ముదురు రంగు గట్టి రెక్సిన్ లేదా సన్నని కార్పెట్ వేస్తే ఏళ్ళ తరబడి కళ తప్పకుండా ఉంటుంది.

16. రెక్సిన్ సాధారణంగా 54 అంగుళాల పన్నాలో వస్తుంది. చిన్న కారు నాలుగు తలుపులకు ఒకే రంగైతే రెండున్నర మీటర్లు సరిపోతుంది. ముక్కలు కలిపి కుట్టే డిజైన్ అయితే మూడు మీటర్లు తీసుకోండి. నాలుగు తలుపులకూ ఒకే తాను నుంచి కోయించండి, తానుకూ తానుకూ రంగులో తేడా ఉంటుంది. సాగే దిక్కు నాలుగింటికీ ఒకటే ఉండేలా ముక్కల్ని వరసలో పరచి చూసి, అప్పుడే కత్తెర పెట్టండి.

17. కాగితం మీద ఆకారం గీయకుండా రెక్సిన్ కోయకండి. పెద్ద చార్టు కాగితం మీద అట్ట ఆకారం గీసి, చుట్టూ మూడు సెంటీమీటర్లు ఎక్కువ వదలండి. ఆ కాగితం మీద "ముందు కుడి, పైవైపు" అని స్పష్టంగా రాయండి. రెక్సిన్ వెనక వైపు గీస్తాం కాబట్టి కాగితాన్ని తిరగేసి పెట్టాలి. ఇది మరచిపోతే రెండు ఎడమ తలుపులు తయారవుతాయి.

18. ఇంట్లో ఉన్న నల్లటి ఉషా, సింగర్ మిషన్లు రెండు పొరల రెక్సిన్‌ను చక్కగా కుడతాయి. 18 నంబరు సూది వేయండి, కుట్టు పొడవు 4 మిల్లీమీటర్లు పెట్టండి. దగ్గర కుట్లు గట్టిగా ఉంటాయన్నది నూలు గుడ్డ విషయంలో నిజం. రెక్సిన్‌కు దగ్గరగా రంధ్రాలు పడితే తపాలా బిళ్ళ చింపినట్టు ఆ గీత వెంబడే చిరుగుతుంది. దారం పాలిస్టరు కావాలి. నూలు దారం చెమ్మకు చివుకుతుంది, ఎండ తగిలే చోట నైలాన్ కంటే పాలిస్టరు ఎక్కువ కాలం నిలుస్తుంది. రెక్సిన్ మిషన్ పాదానికి అంటుకుని కదలకపోతే పైన కాస్త టాల్కం పౌడరు చల్లండి, లేదా పల్చటి కాగితం పెట్టి కుట్టి తరవాత చింపేయండి. గుండుసూదులు గుచ్చవద్దు. ఆ రంధ్రాలు పూడవు. బట్టల క్లిప్పులతో పట్టి ఉంచండి.

19. రెండు రంగులు కలిసే చోట, కుట్టిన తరవాత లోపలి మడతను రెండు వైపులా తెరచి పరచి, పైనుంచి కుట్టుకు ఇరుపక్కలా ఒక్కో గీతగా పైకుట్టు వేయండి. చూడటానికి బాగుండటమే కాదు, మడత కింద లావుగా గట్టు కట్టకుండా ఉంటుంది. ఇక డైమండ్ కుట్టు, నిలువు చారల కుట్టు లాంటివి కావాలంటే పెద్ద ముక్క మీద ఫోమ్‌తో కలిపి ముందు కుట్టి, ఆ తరవాతే కాగితం పెట్టి కోయండి. ప్రతి కుట్టూ గుడ్డను కాస్త లోపలికి లాక్కుంటుంది. ముందే కోసి కుడితే చివరికి ముక్క చాలదు.

మొదటి తలుపుకే డైమండ్ కుట్టు పెట్టుకోవద్దని నా సలహా. గీతలు ఒక తలుపు నుంచి ఇంకో తలుపుకు ఒకే ఎత్తులో సాగకపోతే ఎంత కష్టపడి కుట్టినా కంటికి అదే లోపంగా కనిపిస్తుంది. అడ్డంగా ఒకే ఒక్క కుట్టుగీత నాలుగు తలుపుల్లోనూ ఒకే ఎత్తులో వస్తే, ఆ పనితనం చూసినవాళ్ళకు వెంటనే తెలుస్తుంది.

20. జిగురు. వడ్రంగులు వాడే తెల్ల ఫెవికాల్ దీనికి పనికిరాదు, చెమ్మకు, వేడికి వదిలేస్తుంది. ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటి రబ్బరు రకం కాంటాక్ట్ జిగురు కావాలి. వెనక గుడ్డ లేని ఉత్త పీవీసీ షీటుకు ఇది కూడా ఎక్కువ కాలం ఆగదు. రెక్సిన్ మెత్తగా ఉండటానికి కలిపే నూనెలాంటి పదార్థం మెల్లగా ఈ జిగురులోకి దిగి, దాన్ని జిగట చేస్తుంది. వెనక గుడ్డ ఉన్న రెక్సిన్ తీసుకోమని పైన చెప్పటానికి ఇది మరో కారణం. థర్మోకోల్ మీద మాత్రం ఈ జిగురు వేయకండి, కరిగిపోతుంది.

ఈ జిగురు ఆవిరి తలనొప్పి తెస్తుంది, ఇట్టే అంటుకుంటుంది. డాబా మీదనో, గాలి ఆడే వసారాలోనో పని చేయండి. దగ్గర్లో పొయ్యి, అగరుబత్తి, దోమల కాయిల్ ఏదీ వెలుగుతూ ఉండకూడదు. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి. డబ్బా మూత తెరచి ఉంచవద్దు.

21. జిగురును అట్టకూ, ఫోముకూ, రెక్సిన్ వెనకకూ, అంటే కలిసే రెండు వైపులా పల్చగా పూయాలి. పూసిన వెంటనే అంటిస్తే నిలవదు. పది, పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలితో తాకితే అంటీ అంటనట్టు ఉన్నప్పుడు కలపాలి. ఒకసారి కలిశాక జరపటం కుదరదు. అందుకే రెక్సిన్‌ను సగానికి వెనక్కి మడిచి, మధ్య నుంచి మొదలుపెట్టి ఒక్కో జానెడు దించుతూ, అరచేత్తో మధ్య నుంచి అంచులకు ఒత్తుతూ పోండి. గాలి బుడగ మిగిలితే సన్నని సూదితో పొడిచి ఒత్తవచ్చు. రెక్సిన్‌ను ముడతలు పోయేంత వరకు లాగితే చాలు. మరీ బిగువుగా లాగితే ఎండాకాలంలో అది మళ్ళీ లోపలికి కుంచించుకుని అంచులను పీకుతుంది.

22. మూలల్లోనే పనితనం తేలుతుంది. బయటికి తిరిగిన మూలలో వెనకకు మడిచే గుడ్డ ఎక్కువవుతుంది, దాన్ని చిన్న చిన్న త్రికోణాలుగా కత్తిరించి తీసేయాలి. లోపలికి తిరిగిన వంపులో గుడ్డ చాలదు, అక్కడ అంచు నుంచి అట్ట వైపు గాట్లు పెట్టాలి. గాటు అట్ట అంచుకు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఆగాలి, లేకపోతే ముందు వైపుకు కనిపిస్తుంది. మొండికేసే చోట హెయిర్ డ్రయ్యరుతో కాస్త వెచ్చబెడితే రెక్సిన్ మాట వింటుంది. వెనకకు మడిచిన అంచును స్టేపుల్ గన్ పిన్నులతో కొట్టాలని చూడకండి. 3 మిల్లీమీటర్ల అట్టకు మామూలు పిన్ను ముందుకు పొడుచుకొస్తుంది. జిగురు పూసి, ఆరే వరకు పైన బట్టల క్లిప్పులు పెట్టండి.

23. స్క్రూలకూ, ఇరుసుకూ రంధ్రాలు అన్నిటికంటే చివర్లో కోయండి. కొత్త బ్లేడుతో వెనక నుంచి ఇంటూ గుర్తులా చిన్న గాటు పెట్టండి, అంతకు మించి వద్దు. చిన్న రంధ్రాన్ని పెద్దది చేయవచ్చు, పెద్దదాన్ని చిన్నది చేయలేం.

24. కొత్త కార్లలో అచ్చుపోసిన ప్లాస్టిక్ తలుపు మధ్యలో గుడ్డ ముక్క ఉంటుంది. వెనక నుంచి చూస్తే, దాని పిన్నులు ప్లాస్టిక్‌ను కరిగించి పుట్టగొడుగు ఆకారంలో మూసినట్టు కనిపిస్తాయి. ఆ తలలను పదునైన బ్లేడుతో జాగ్రత్తగా కోసి ముక్కను విడదీయండి. పాత గుడ్డను పీకేసి, మిగిలిన జిగురు గీకి, కొత్త రెక్సిన్ తొడగండి. తిరిగి బిగించేటప్పుడు ఆ పిన్నుల మొదళ్ళలోకి చిన్న స్క్రూలు, వాటి కింద వాషర్లు వేయండి. స్క్రూ పొడవు ముందు వైపుకు రాకుండా కొలుచుకోండి.

25. బిగించే ముందు అట్ట వెనక, రేకుకు తగిలే చోట్ల పల్చటి ఫెల్ట్ పట్టీలు అంటించండి. అతుకుల రోడ్ల మీద వచ్చే టకటకల్లో సగం అక్కడే ఆగిపోతాయి. క్లిప్పును అరచేత్తో, సరిగ్గా దాని మీదే ఒత్తి కూర్చోబెట్టండి. సుత్తి అక్కర్లేదు.

26. కుట్టు పని మీ వల్ల కాదనిపిస్తే, కోసి గుర్తులు పెట్టిన ముక్కలను సీటు కవర్లు కుట్టేవాళ్ళకు ఇవ్వండి. వాళ్ళ పెద్ద మిషన్ మీద ఆ పని ఎంతోసేపు పట్టదు. కానీ షీటు, అట్ట, రంగు పనులు మాత్రం ఎవరికీ అప్పజెప్పకండి. బయట ఎవరికీ వాటి మీద అంత శ్రద్ధ పెట్టేంత తీరిక ఉండదు, డబ్బు ఎక్కువ ఇచ్చినా సరే.

27. కొత్త ప్యాడ్లు బిగించాక ఒకటి రెండు రోజులు కారును నీడలో, అద్దాలు కాస్త దించి ఉంచండి. జిగురు పూర్తిగా పట్టకముందే ఎండకు వేడెక్కితే అంచులు లేస్తాయి. మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు కింది అంచు వెనకకు వేలు పెట్టి తడిమి చూడండి. చెమ్మ తగిలితే ఆరితే పోతుందిలే అనుకోవద్దు. ప్యాడ్ విప్పి షీటు ఎక్కడ తప్పిందో వెతకండి. అప్పుడే చూసుకుంటే ఆ ఒక్క చోట టేపు వేస్తే సరిపోతుంది.

28. తుడవటానికి గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కల షాంపూ, మెత్తటి గుడ్డ. పెట్రోలు, థిన్నరు తగిలితే రెక్సిన్‌లోని మెత్తదనం పోయి గట్టిపడి పగులుతుంది. మెరుపు కోసం కొబ్బరినూనె రాసే అలవాటు కొందరికి ఉంది, దానికి దుమ్ము అంటుకుని నల్లగా పేరుకుంటుంది.

29. మిగిలిన రెక్సిన్‌ను మడత పెట్టకుండా చుట్టి, నీడలో దాచండి. అదే తాను మళ్ళీ దొరకదు, ఎప్పుడైనా ఒక ముక్క చిరిగితే అది కావాలి. కాగితం ఆకారాల మీద కారు మోడల్, ఏ తలుపు, క్లిప్పు రంధ్రాల గుర్తులు అన్నీ రాసి భద్రపరచండి. మీ ఊళ్ళో అదే కారున్నవాళ్ళు అడిగితే ఆ కాగితాలు గీసుకోనివ్వండి. అట్ట పూర్తిగా పొడైపోయి, కొలతకు ఏమీ మిగలని తలుపులు చాలా ఉన్నాయి.